తేలిన కొక్కెం

ఆ ఎడారిలో బండి బతుకు మాటలు నేర్చుకున్నవాళ్లెవరూ మా ఆయన వెండెల్ చేత చీవాట్లు తినకుండా నేర్చుకోలేదు. చలికాలం రాగానే క్వార్ట్‌సైట్ ఊరవతల రాళ్ల మైదానంలో మేం కాపురముండే బండి ఆగేది. ఆగిన మర్నాటి నుంచే కొత్తగా రోడ్డెక్కినవాళ్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. బుధవారం బుధవారం పొద్దున్నే బండి పందిరి కింద మడత కుర్చీలు వేసి వాళ్లని కూర్చోబెట్టేవాడు. కాఫీ నాది, పాఠం తనది.

"ట్యాంకులు మూడు," అని ఆ ఏడు కూడా అక్కడే మొదలుపెట్టాడు. "మంచినీళ్లది, బూడిదది, నల్లది. మంచినీళ్లంటే మీకు తెలుసు. బూడిద ట్యాంకంటే అంట్లు తోమిన నీళ్లు, స్నానం నీళ్లు. నల్లది మరుగుదొడ్డి కింద ఉండేది, అందులో ఏముంటుందో చెప్పక్కర్లేదు, మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. ఆ నల్లదాని తూము ఎప్పుడూ మూసుండాలి. నిండాకే తెరవాలి. తెరిచొదిలేస్తే నీళ్లన్నీ పోయి అసలు సరుకు లోపల గుట్ట కడుతుంది. అది గట్టిపడ్డాక దేవుడొచ్చినా కదపలేడు."

ముందు వరసలో మార్లా చెయ్యెత్తింది. ఒహాయోలో ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి, రిటైరై, చిన్న బండి ఒకటి కొనుక్కుని ఒక్కతే బయల్దేరిన మనిషి.

"గట్టిపడ్డానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"నువ్వొదిలేసి ఎన్నాళ్లయింది?"

"టెక్సాస్‌లో ఉన్నన్నాళ్లూ తెరిచే ఉంది. గొట్టం ఎలాగూ తగిలించి ఉంది కదా అని..."

పందిరి కింద అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వెండెల్ మాత్రం నవ్వలేదు. "పాఠం అయ్యాక వస్తా. చేతులకి తొడుగులేసుకుని ఉండు, ముక్కుకి కూడా ఏదన్నా కట్టుకో" అన్నాడు. అన్నట్టే వెళ్లి, మధ్యాహ్నం దాకా ఆవిడ బండి కింద పడుకుని ఆ గుట్ట కరిగించి వచ్చాడు. నోరు కారమే గాని మనిషి సాయానికి ముందుండేవాడు. నెబ్రాస్కాలో ట్రాక్టర్లు బాగుచేసిన చేతులవి. నేను అక్కడే జుట్టు కత్తిరించేదాన్ని. ఇద్దరం ఇల్లమ్మేసి, ట్రక్కు వెనక తగిలించుకునే పెద్ద బండి కొనుక్కుని, అప్పట్నుంచీ అందులోనే కాపురం. చలికాలం ఎడారి, ఎండలు ముదిరితే మోంటానా కొండలు. కదలకుండా ఒకచోట ఇళ్లు కట్టుకుని ఉండేవాళ్లని మా గుంపులో ఇటుకలోళ్లు అంటారు. ఆ మాట అనేటప్పుడు మేం కొంచెం జాలిపడతాం.

ఆ రోజు పాఠంలో చివరిది కొక్కెం. వెండెల్‌కి అన్నిటికన్నా ఇష్టమైనది.

"ట్రక్కు మీద దవడ ఉంటుంది. బండి ముందు కిందికి దిగిన మేకుంటుంది. ట్రక్కుని వెనక్కి పోనిస్తే దవడ మేకుని కరవాలి. బండి అవసరానికి మించి ఎత్తులో ఉందనుకో, మేకు దవడలోకి పోదు, దాని నెత్తిన కూర్చుంటుంది. చూడ్డానికి కరిచినట్టే ఉంటుంది. దాన్నే తేలిన కొక్కెం అంటాం. అది చూసుకోకుండా బండిని మోసే ఇనప కాళ్లు పైకెత్తి ట్రక్కు కదిపావా, నీ ఇల్లొచ్చి నీ ట్రక్కు మీద పడుతుంది. అందుకని వంగి చూడాలి. దవడ చుట్టూ ఉండే ట్రక్కు ఇనప పళ్లేనికీ, మేకు చుట్టూ ఉండే బండి పళ్లేనికీ మధ్య వెలుతురు కనిపిస్తే తగల్లేదని లెక్క. కనిపించకపోయినా సరే, కాళ్లు ఎత్తకముందే ట్రక్కుతో ఓసారి గుంజి చూడాలి. ఇంకో సంగతి. కొక్కెం వేసేవాణ్ణి ఎవరూ పలకరించకూడదు. గుడ్ మార్నింగ్ కూడా వద్దు. నీకు వాడి మీద అంత ప్రేముంటే కొక్కెం వేశాక ముద్దు పెట్టుకో."

ఈ చివరిది వెండెల్ పెట్టిన రూలు కాదు, బండ్లవాళ్లందరిదీ. ఎవరైనా ట్రక్కు వెనక్కి పోనిస్తుంటే కుక్కల్ని కూడా లోపలికి లాక్కుని తలుపేసుకుంటాం. మాట్లాడితే వాడు ఏదో ఒక మెట్టు మర్చిపోతాడు, ఆ మెట్టే కొంప ముంచుతుంది.

ఆ మాటలు చెప్తున్నంతసేపూ వెండెల్ చూపు మార్లా మొహం మీద లేదు, ఆవిడ చెవి పక్కన ఎక్కడో ఉంది. నేను గమనించాను. ఎండ కళ్లలో పడుతోందేమో అనుకున్నాను.

మేముండే సర్కారు నేలలో డబ్బు కట్టక్కర్లేదు గాని రెండు వారాలకోసారి చోటు మారాలి. జనవరిలో అలాంటి మార్పు రోజొకటి వచ్చింది. మా ఇంట్లో లోపలి పని నాది, బయటి పని తనది. అరలకి గడియలు పెట్టడం, వంటింటి పళ్లేల మధ్య తువ్వాళ్లు దూర్చడం, సొరుగులా బయటికి జరిగే ముందుగదిని లోపలికి లాగడం నాది. గొట్టాలు, తీగలు, కొక్కెం తనది. ఎవరి పనిలో ఎవరూ వేలు పెట్టేవాళ్లం కాదు. కాపురం సజావుగా సాగడానికి అదో కారణం.

ఆ పొద్దున నేను పళ్లేలు సర్దుతూనే ట్రక్కు చప్పుడు వింటున్నాను. వెనక్కొచ్చింది, ఆగింది, ముందుకు పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. వెండెల్‌కి ఎప్పుడూ ఒక్కసారికే పడేది. మూడోసారికి ఠంగున తగిలిన చప్పుడైంది. అంతలో కిటికీ బయట ఫ్రాన్సీన్ గొంతు.

"వెండెల్!"

ఇంకేదో అంది, సరిగా వినపడలేదు. దాని మీద వెండెల్ అరుపు మాత్రం మైదానమంతా వినపడింది. "నోర్మూసుకుంటావా! ఇన్నేళ్లొచ్చాయి, పలకరించకూడదని తెలీదా?"

ఫ్రాన్సీన్ మా పక్క బండి మనిషి. డెబ్భై దాటింది. మొగుడు పోయాక అందరూ ఇక ఇటుకల్లోకి పొమ్మన్నారు. ఆవిడ మా బండి కన్నా పొడుగాటి దాన్ని ఒంటిచేత్తో లాక్కుంటూ అలాస్కా దాకా పోయొచ్చింది. ఆ రూలు తెలియని మనిషి కాదు. ఇదేమిటి ఇలా పలకరించిందని నేనూ అనుకున్నాను.

నేను దిగి మెట్లు మడిచి పక్కకొచ్చేసరికి బండి కాళ్లు గాల్లోకి లేచిపోయి ఉన్నాయి. ట్రక్కు కదిలింది. ఒక్క బారెడు దూరం పోయిందో లేదో, మా ఇంటి ముందుభాగం వెనక్కి జారి, ధడేలున ట్రక్కు మీద కూలబడింది. ట్రక్కు పక్క రేకులు రెండూ లోపలికి నొక్కుకుపోయాయి. ఇంట్లో నేను సర్దినవన్నీ ఒక్కసారి అరిచినట్టు చప్పుడైంది.

చుట్టుపక్కల బండ్లవాళ్లంతా జాకీలు, చెక్కలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఇలాంటప్పుడు మా గుంపులో పిలవాల్సిన అవసరముండదు. వెండెల్ ట్రక్కు దిగి, చేతిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ చేతులకి మట్టి లేదు, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"వెండెల్ లాంటోడికి కొక్కెం తేలడమేంటి?" అన్నాడు డ్వేన్. గుంపుకి తనే పెద్దననుకునే మనిషి. ఎవరూ అలా అనుకోకపోయినా అతని ఉత్సాహం తగ్గదు. "మధ్యలో పలకరించారు, అంతే. నా చెవులతో విన్నాను. ఫ్రాన్సీన్ అరిచింది."

అందరూ ఫ్రాన్సీన్ వైపు తిరిగారు. ఆవిడ చేతిలో మొక్కజొన్న రొట్టెల పళ్లెం ఉంది, మా కోసమే తెచ్చినట్టుంది. ఆవిడ వెండెల్ వైపు చూసింది. వెండెల్ చేతులు తుడుచుకుంటున్నాడు.

"అవును, పలకరించాను," అంది ఫ్రాన్సీన్. పళ్లెం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రానికల్లా బండిని పైకి లేపారు. ట్రక్కు నడుస్తోంది గాని చూపులకి నలిగిన చెప్పులా ఉంది. కొత్త చోటికి బండిని డ్వేన్ తన ట్రక్కుకి తగిలించి లాక్కొస్తానన్నాడు. వెండెల్ సరేనన్నాడు. నాకు పడిపోయిన బండి కన్నా ఆ సరే అన్న మాటకే ఎక్కువ భయం వేసింది. తన బండి మీద ఇంకొకడి చెయ్యి పడనిచ్చే మనిషి కాదు.

ఆ తర్వాత ఫ్రాన్సీన్‌కి ఎడారి ఇరుకైంది. ఎవరూ ఆవిడతో గొడవ పడలేదు. గొడవ పడితే తిరిగి నాలుగంటుంది, అక్కడితో పోతుంది. ఇది అలా కాదు. ఆవిడ నీళ్లు పట్టుకోవడానికి పోతే ముందున్నవాళ్లు గొట్టం చేతికిచ్చి మాట్లాడకుండా పక్కకి తప్పుకునేవాళ్లు. నిప్పు చుట్టూ కూర్చునేటప్పుడు ఆవిడ కుర్చీ కోసం ఎవరూ జరిగేవాళ్లు కాదు. కొత్తవాళ్లకి ఆవిణ్ణి చూపించి చెప్పేవాళ్లు, ఇదిగో, కొక్కెం వేసేవాణ్ణి పలకరించిన మనిషి అని. ఒంటరిగా బండి నడిపేవాళ్లకి ఇరుగుపొరుగే కాలూ చెయ్యీ. అది తీసేస్తే ఆ బతుకు నడవదు.

ఒక ఆదివారం పొద్దున నేను అట్లు వేసి పెట్టాను. వెండెల్ పాకం సీసా తీసి వంచాడు. పాకమంతా పళ్లెం పక్కన బల్ల మీద పోశాడు. పోసి, సీసా పెట్టేసి, పొడి అట్టు తినడం మొదలుపెట్టాడు.

నేను పొయ్యి ఆపేసి అతని ఎదురుగా కూర్చున్నాను.

"వెండెల్, నా మొహం చూడు."

"చూస్తూనే ఉన్నాగా."

"నా చెవి చూస్తున్నావు."

చేతిలో ముల్లుగరిట కింద పెట్టాడు. "చుట్టూ అంతా కనపడుతుంది బర్టీ. జుట్టు, చెవులు, భుజాలు, వెనక కిటికీ. మధ్యలో నీ మొహం ఉండాల్సిన చోట బూడిద చల్లినట్టుంది."

"ఎప్పట్నుంచి?"

"ఆకులు రాలేటప్పట్నుంచి."

నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. "అంటే ఆ కళ్లతోనా మోంటానా నుంచి నన్నిక్కడికి లాక్కొచ్చింది? ఆ కొండలన్నీ ఆ కళ్లతోనా దిగావు? దారిలో ఎంతమంది పిల్లాజెల్లా ఉన్నారో తెలుసా నీకు?"

"మెల్లిగా పోయాను."

"మెల్లిగా పోతే చావరా?"

తల దించుకున్నాడు. అంత పెద్ద మనిషి అలా కూర్చుంటే నా కోపం నీరుగారిపోయింది. లేచి వెళ్లి అతని తల నా పొట్టకి ఆనించుకున్నాను. ఆ తల మీది జుట్టు ఎన్నిసార్లు కత్తిరించానో, దాని బరువు నాకు తెలుసు. ఆ రోజు ఇంకా బరువుగా ఉంది.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు. "ఎండలు రాకముందే యూమా ఊళ్లో బండ్లకి చోట్లిచ్చే పేటలో ఒకటి తీసుకుందాం. చక్రాలు పీకేసి దిమ్మల మీద నిలబెట్టేద్దాం. ముందు నాలుగు పూలకుండీలు పెట్టుకో."

"చక్రాలు తీసేస్తే అది ఇల్లెలా అవుతుంది? రేకు డబ్బా అవుతుంది. నేను డబ్బాలో ఉండను."

"మరి నడిపేదెవరే?"

"నేను."

ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. నవ్వనిచ్చాను. నవ్వు ఆగాక అడిగాను. "సరే, మరి ఫ్రాన్సీన్ సంగతేంటి? నీ కళ్ల తప్పు ఆవిడ మోస్తోంది."

"ఆవిడ పలకరించిన మాట నిజమేగా," అన్నాడు. అని లేచి బయటికి పోయాడు. మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుని దిగాడు. ఇందులో ఇంకా ఏదో ఉందని నాకప్పుడే అనిపించింది. నాతో ఇంతకాలం కాపురం చేసినవాడు అబద్ధం చెప్పేటప్పుడు ముందు లేచి నిలబడతాడని నాకు తెలియదా?

యూమాలో కంటి డాక్టరు దగ్గరికి ట్రక్కు నేనే నడుపుకుంటూ తీసుకెళ్లాను. పక్క సీట్లో కూర్చుని, దారి పొడుగునా అక్కడ లేని బ్రేకుని కాలితో తొక్కుతూనే ఉన్నాడు. మధ్య చూపు ఇక తిరిగి రాదనీ, అంచుల చూపు నిలిచే అవకాశం ఉందనీ డాక్టరు చెప్పాడు. బండి నడపకూడదని కూడా చెప్పాడు. వెండెల్ అతనికి థాంక్స్ చెప్పి, గోడ పట్టుకుని తలుపు దాకా నడిచి బయటికొచ్చాడు.

బుధవారం వచ్చింది. వెండెల్ కుర్చీలు వేశాడు. నేను పందిరి అంచున ఎత్తు స్టూలు వేసి డ్వేన్ మెడకి దుప్పటి చుట్టి జుట్టు కత్తిరిస్తున్నాను. పాఠం వింటూ క్షవరం చేయించుకోవడం అతనికి అలవాటు. ట్యాంకులు అయ్యాయి. పొడి మకాం అంటే ఏంటో అయింది, తీగా గొట్టమూ లేకుండా ఎండతో కరెంటిచ్చే పలకల మీదా ట్యాంకులో నీళ్ల మీదా రోజులు నెట్టుకురావడం. కొక్కెం మాట మాత్రం ఎత్తలేదు. పాఠం అయిపోయిందన్నట్టు కాఫీ కప్పు కోసం చెయ్యి చాచాడు.

"తేలిన కొక్కెం చెప్పలేదు," అంది మార్లా. ఆ మాటలో ఎగతాళి లేదు. ఆవిడకి నిజంగానే రెండోసారి వినాలని ఉంది. కానీ కుర్చీలన్నీ ఒక్కసారి బిగుసుకుపోయాయి.

డ్వేన్ నా కత్తెర కింద నుంచే అందుకున్నాడు. "అందులో చెప్పేదేముంది? ఫ్రాన్సీన్ లాంటి వాళ్లని దూరంగా ఉంచితే చాలు."

వెండెల్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆవిడ పలకరించలేదు," అన్నాడు.

నా కత్తెర ఆగిపోయింది.

"'వెండెల్, వెలుతురు కనపడుతోంది' అంది ఆవిడ. పళ్లేల మధ్య. తను నిలబడ్డ చోటికే కనపడింది. నేను వంగి చూశాను, నాకు కనపళ్లేదు. నాకు ఇప్పుడు ఏదీ సరిగా కనపడదు. మధ్యలో మచ్చ పడింది. మీ మొహాలు కూడా కనపట్టం లేదు. మూడుసార్లకి గాని కొక్కెం పడలేదని సిగ్గేసింది, అందరూ చూస్తున్నారని తొందరపడ్డాను, గుంజి చూళ్లేదు. ఆవిడ చెప్తే నోర్మూసుకోమన్నాను. మీరంతా ఆవిణ్ణి అంటుంటే నేను నోరు మూసుకున్నాను."

అంతా ఎప్పుడూ పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాడు. చివర్లో మాత్రం కొత్తవాళ్ల వైపు వేలు చూపించి, "రాసుకోండి. వెలుతురు కనపడిందని చెప్పడం పలకరించడం కిందికి రాదు," అన్నాడు.

నాకు వెండెల్‌ని అక్కడికక్కడే కొట్టాలనిపించింది, ముద్దు పెట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. చేతిలో డ్వేన్ తల ఉంది. ఎడం వైపు నున్నగా, కుడి వైపు పొదలా.

"లే," అన్నాను.

"ఇంకా సగముంది కదా!"

"పోయి ఫ్రాన్సీన్‌ని పిలుచుకురా. ఆవిడొచ్చి ఇక్కడ కూర్చున్నాకే మిగతా సగం."

"ఈ తలతోనా?"

"ఆ తలతోనే."

మెడకి దుప్పటితో, సగం గొరిగిన తలతో డ్వేన్ మైదానానికి అడ్డంగా నడిచి వెళ్లాడు. ఫ్రాన్సీన్ తలుపు తీసి అతన్ని చూసి నవ్విన నవ్వు ఇక్కడిదాకా వినపడింది. ఆ తర్వాత ఆ తలుపు దగ్గర ఏం మాట్లాడుకున్నారో తెలియదు, మొత్తానికి డ్వేన్ ముందూ ఆవిడ వెనకా వచ్చారు. జనమంతా లేచి కుర్చీలు జరిపారు. ఒక్కసారిగా ఆరు కుర్చీలు ఖాళీ అయ్యాయి ఆవిడ కోసం.

ఆవిడ కూర్చోలేదు. వెండెల్ ముందుకొచ్చి నిలబడింది.

"ముసలి గాడిదా! నీ కళ్లు పాడయ్యాయంటే సరే, చెవులకేమొచ్చింది?"

"చెవులు బాగానే ఉన్నాయి. పొగరెక్కువైంది."

"అది పాత జబ్బేలే," అంది ఫ్రాన్సీన్.

"ఎందుకు చెప్పలేదు నువ్వు? వెలుతురు అన్నానని ఒక్క మాట అంటే పోయేది కదా," అన్నాడు వెండెల్.

"నువ్వు వంగి చూసి కూడా కదిపినప్పుడే నాకు అర్థమైంది. నీ కళ్ల సంగతి నువ్వు చెప్పుకోవాలి గాని, నేను చెప్పేదా?" అని, ఇక కూర్చుంది. నేను కాఫీ ఇచ్చాను. ఆ కప్పుని ఆవిడ రెండు చేతులతో పట్టుకుని ఒక్క గుక్కలో సగం తాగేసింది. అన్ని రోజులు ఒక్కతే ఎలా నెట్టుకొచ్చిందో అది చూస్తే తెలిసింది.

"మరి ఇప్పుడు మీ బండి ఎవరు లాగుతారు?" అంది ఆవిడే.

"యూమాలో పెట్టేస్తాం," అన్నాడు వెండెల్.

"నేను లాగుతాను," అన్నాను నేను.

ఫ్రాన్సీన్ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "ఒసే బర్టీ, రేపు పొద్దున్నే రా. బకెట్లు ఎన్నున్నాయో అన్నీ తీసుకురా."

బకెట్లు ఎందుకో మర్నాడు తెలిసింది. ఎండిపోయిన వాగు పక్కన చదును నేల మీద వాటిని రెండు వరసలుగా పెట్టి, ఆ మధ్యలోకి బండిని వెనక్కి పోనివ్వమంది. ముందుకి పోవడం ఎవరైనా చేస్తారు, బండి మనిషి వెనక్కి పోవడంలో తెలుస్తాడు. స్టీరింగ్ కుడికి తిప్పితే బండి తోక ఎడమకి పోతుంది, ఎడమకి తిప్పితే కుడికి. నా బుర్ర మొదటి గంటలోనే అల్లకల్లోలమైంది. మొదటి బకెట్టు చక్రం కింద అప్పడమైంది. రెండోదీ అంతే.

"చెయ్యి స్టీరింగ్ పైన కాదు, కింద పెట్టు," అని అరిచింది ఫ్రాన్సీన్. "కింద పట్టుకుని, తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. ఆలోచించకు. నువ్వు జుట్టు కత్తిరించేటప్పుడు అద్దంలో చూసుకుంటూ కత్తెర ఎటు తిప్పాలో ఆలోచిస్తావా?"

ఆ మాటతో నాకు దారి దొరికింది. అద్దంలో తిరగబడ్డ తలలతోనే కదా నా జీవితమంతా గడిచింది. చెయ్యి కిందికి దించాను. తోక కదిలింది, నేను చెప్పిన వైపే. ఆ సాయంత్రానికి ఇంకొక్క బకెట్టే పోయింది.

వెండెల్ రోజూ వచ్చి, మాకు వీపు పెట్టి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చూళ్లేను అనేవాడు. చూడనంటున్నాడో, చూపు లేదంటున్నాడో నేను అడగలేదు. కానీ ఇంజను చప్పుడుని బట్టే అంతా కనిపెట్టేవాడు.

"ఎక్కువ తిప్పావు!"

"నీకెలా తెలుసు?"

"ట్రక్కు ఏడుస్తోంది."

"నువ్వు ఏడవకుండా ఉంటే చాలు."

ఫిబ్రవరి పోయేసరికి బకెట్ల మధ్యలోకి బండి చీపురు పుల్ల కూడా కదలకుండా దూరేది. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను బాగా నడిపాను. మొగుడి కన్నా బాగా నడిపానని ఫ్రాన్సీన్ అంది, డ్వేన్ కూడా అన్నాడు. అతని తల మిగతా సగం ఆ రోజే పూర్తి చేశాను, కానీ నా కత్తెరంటే అప్పట్నుంచి అతనికి కొంచెం భయం ఉండిపోయింది.

అయినా వెండెల్ యూమా మాట వదల్లేదు. బకెట్లు వేరు, కొండ రోడ్డు వేరు అనేవాడు. దిమ్మలు ఎక్కడ దొరుకుతాయో కూడా కనుక్కుని వచ్చాడు. ఒకరోజు గట్టిగానే గొడవపడ్డాం.

"నువ్వు నడుపుతుంటే నేనేం చెయ్యాలి? పక్కన మూటలా కూర్చోవాలా?" అన్నాడు.

"పదకొండేళ్లు నేను కూర్చోలేదా మూటలా?"

"నీకది ఇష్టమనుకున్నాను."

"నువ్వు అడగలేదు."

టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "యూమాకి రానంటావు, అంతేనా?"

"చక్రాలు పీకిన రోజున నువ్వు ఒక్కడివే ఉంటావు అందులో," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అతనికి కళ్లు పోయాయని నేను బండి దిగిపోతే, ఇద్దరం గుడ్డివాళ్లమవుతాం.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి వెండెల్ అరల గడియలు పెట్టి తీసి, పెట్టి తీసి చూసుకుంటున్నాడు. లోపలి పని నేర్చుకుంటున్నాడన్నమాట.

ఏప్రిల్‌లో ఎడారి కాలడం మొదలైంది. బండ్లన్నీ ఒక్కొక్కటిగా ఉత్తరానికి తిరిగాయి. మా రోజు వచ్చింది. లోపల వెండెల్ పళ్లేల మధ్య తువ్వాళ్లు దూర్చాడు, నా నీలం కప్పు ఒకటి పగలగొట్టి ఎవరో పగలగొట్టారన్నాడు. ఇంట్లో ఉన్నదే ఇద్దరం. బయట నేను ట్రక్కు వెనక్కి పోనిచ్చాను. దిగి, మోకాళ్ల మీద కూర్చుని చూశాను. గుంజి చూశాను. కాళ్లు ఎత్తాను. ఫ్రాన్సీన్, మార్లా, డ్వేన్ దూరంగా నోళ్లు మూసుకుని నిలబడ్డారు. అయ్యాక ముగ్గురూ వచ్చి కౌగిలించుకున్నారు. ఫ్రాన్సీన్ మోంటానాలో కలుద్దాం అంది, నేను సరే అన్నాను, బయల్దేరాం.

కింగ్‌మన్ దాకా వెండెల్ నోరు ఊరుకోలేదు. గీత చూసుకో అన్నాడు. వెనక లారీ వస్తోంది అన్నాడు, ఏ లారీ లేదు. గాలి తోస్తుంటే స్టీరింగ్‌తో కుస్తీ పట్టకు అన్నాడు. అది మంచి మాటే, విన్నాను. లాస్ వేగాస్ దాటాక తగ్గాడు. తర్వాత, యూటా సరిహద్దు దగ్గర రోడ్డు లోయలోకి దూరి, రెండు పక్కలా రాతి గోడల మధ్య నదితో పాటు మెలికలు తిరిగే చోటు వచ్చింది. నాకు భయమేసింది అక్కడొక్కచోటే. వెనక ఇంటి బరువు నన్ను తోస్తోంది. గేరు తగ్గించాను, బ్రేకు ముట్టుకుని వదిలాను, ముట్టుకుని వదిలాను. వెండెల్ ఏదో ఒకటి అంటాడని చూశాను, తిడితే బాగుండుననిపించింది. ఏమీ అనలేదు.

కోపం వచ్చిందేమో అనుకున్నాను. లోయ దాటి రోడ్డు విప్పారాక గాని పక్కకి చూసే తీరిక దొరకలేదు. తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని, నిద్రపోతున్నాడు. పెళ్లయినప్పట్నుంచి ఏ బండిలోనూ, ఎవరు నడిపినా, కన్ను మూయని మనిషి. లేని బ్రేకు మీద కాలు కూడా లేదు, రెండు కాళ్లూ చాపుకుని ఉన్నాడు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, రోడ్డు కనపడాలని గబగబా తుడుచుకున్నాను.

ఊరి దీపస్తంభాలు మొదలయ్యేసరికి కదిలాడు. కళ్లు తెరిచి, తెరిచినా లాభం లేదని గుర్తొచ్చి, మళ్లీ మూసుకున్నాడు. ఇన్నేళ్లూ నేను అతన్ని అడుగుతూ వచ్చిన ప్రశ్న, అతను నన్నెన్నడూ అడగనిది, అప్పుడు అడిగాడు.

"ఎంతదాకా వచ్చాం బర్టీ?"

"సెయింట్ జార్జ్ వచ్చాం. ఇంకా చాలా ఉంది, పడుకో."

పడుకున్నాడు.